ఒరేయ్, ఆ జేసీబీని రెండ్రోజులు ఆపు

ఒరేయ్ మామా,

నువ్వు పంపిన ఫోటో రాత్రి చూశాను. గేటు పక్కన నీ ఎత్తున పెరిగి, చుట్టూ పిల్లల్ని వేసుకుని కూర్చున్న ఆ మొక్క కిత్తనారే, అందులో అనుమానం లేదు. దాన్నే రాకాసి మట్టలు అని కూడా అంటారు, ఆ పేరు పెట్టినవాడెవడో దానితో ఒకసారైనా పొడిపించుకునే ఉంటాడు. అది సరే గానీ, కింద "ఆదివారం జేసీబీ పెట్టి లేపేస్తా" అని రాశావు చూడు, అది చదివాక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే నువ్వు సగం విని "సరే సరే" అంటావు. అందుకే రాస్తున్నా, మొత్తం చదివి తర్వాత నీ ఇష్టం.

మా ఇంట్లోది నీకు గుర్తుందా? 2006లో నాన్న గుత్తి నుంచి వస్తూ రైలుకట్ట పక్కన జానెడు పిలకను పెరికి, కలబంద అనుకుని తెచ్చి ప్రహరీ మూల పాతాడు. పాపం ఆయన తప్పేమీ లేదు, చిన్నప్పుడు రెండూ అలాగే ఉంటాయి. ఒకరోజు అమ్మ తలకు రాసుకుందామని ఆకు కోసి చీలిస్తే లోపల గుజ్జు బదులు నార వచ్చింది, కాసేపటికి వేళ్ల సందుల్లో దురద మొదలైంది. ఆవిడ లబోదిబోమంటుంటే నాన్న మాత్రం "ఉండనీవే, నీళ్లడగదు, మేక ముట్టదు, దొంగ దూకడు" అన్నాడు. మూడూ నిజమే. అసలు మెక్సికో మొక్క అది, నీళ్లు లేని చోట బతకడం దానికి కొత్తా? కంచెలకి పనికొస్తుందనే మన రైలుకట్టల పొడవునా నాటారు. కానీ కంచె వేరు, ఇంటి ముంగిలి వేరు కదరా. పదిహేడు, పద్దెనిమిదేళ్లకి ఒక్కో మట్ట నా భుజం దాకా వచ్చింది. మొదళ్లలో వాననీళ్లు నిలిచి దోమలు, అడుగున ఎండిన మట్టల కింద తేళ్లు. అమ్మ బట్టలు ఆరేసే తీగ దగ్గరికి వెళ్లాలంటే చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని పక్కకి తిరిగి నడిచేది.

మొన్న దసరాకి అక్క వాళ్లొచ్చినప్పుడు చిన్నోడి బంతి అందులో పడింది. వాడు వంగాడు. నేను అరిచే లోపల లేచాడు, కనుబొమ్మ మీద చిన్న రక్తపు చుక్క. ఒక్క అంగుళం కింద అయితే కన్నే. అదే రోజు నిర్ణయం అయిపోయింది, నాన్న కూడా మాట్లాడలేదు.

ఇక నేను చేసిన వెధవపని చెబుతా, నవ్వుకో. చెట్లు కొట్టే కుర్రాణ్ణొకణ్ణి పిలిచాను. వాడు మోటారు రంపం పట్టుకుని వచ్చి "అరగంట పని సార్" అన్నాడు. నేను చేతుల్లేని బనియనూ షార్టూ వేసుకుని, కాఫీ గ్లాసు పట్టుకుని, పక్కనే నిలబడి చూస్తున్నా. రంపం మొదటి మట్టలో దిగగానే పచ్చటి రసం కొబ్బరికాయ పగిలినట్టు చిమ్మింది, సన్నటి తుంపర నా మెడ మీద, చేతుల మీద పడింది. మొదట చల్లగా బాగానే ఉంది. పది నిమిషాలకి సూదులతో గుచ్చినట్టు మంట. సాయంత్రానికి ఎర్రటి దద్దుర్లు, మర్నాటికి అక్కడక్కడా ఊదారంగు మచ్చలు, రాత్రంతా దుప్పటి కప్పుకోలేక ఫ్యాన్ కింద చేతులు చాపుకుని కూర్చున్నా. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు గానీ, ఆ రోజు రంపం పట్టినవాడికీ వచ్చింది, ఉత్తినే నిలబడి చూసినవాడికీ వచ్చింది. అంతటితో అయిపోలేదు, నా బనియన్ని అమ్మ మిగతా బట్టలతో కలిపి ఉతికితే ఆవిడ చేతులు కూడా దురద పెట్టాయి.

చర్మం డాక్టరు చూడగానే అడిగింది, "మిషన్‌తో కోశారా?" అని. కంద, చామాకుల్లో నాలుకను పీకేది ఏదో ఇందులోనూ అదేనట, కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు, కంటికి కనపడని సూదులు. కత్తితో నెమ్మదిగా కోస్తే రసం కారుతుంది. మిషన్ పెడితే అదే రసం ఆ సూదులతో సహా గాల్లో చిమ్ముతుంది, తేడా అంతా అక్కడే ఉంది. మెక్సికోలో దీని చుట్టాన్నే ఉడికించి టెకీలా తీస్తారు కదా, ఆ పనివాళ్లకీ చేతుల మీద, పొట్ట మీద ఇవే దద్దుర్లు వస్తాయట. నీ జేసీబీ కూడా మట్టల్ని నలిపి పిండేస్తుంది మామా, డ్రైవరు అద్దాల వెనక ఉంటాడు, నువ్వు బయట ఉంటావు. పైగా అది భూమిలో పాకిన పిలక వేర్లని ముక్కలు చేసి మట్టిలో కలిపేస్తుంది, వానలకి ముక్కముక్కకీ ఒక మొలక. నీ నీళ్ల పైపు కూడా ఆ గేటు దగ్గరే ఉందనుకుంటా.

ఒక్క సంగతి ముందే చూసుకో. ఆకుని ఒకచోట కాస్త గీరితే తెల్లటి పాలు కారిందనుకో, అది కిత్తనార కాదు, జెముడు జాతి, దాని పాలు కంట్లో పడితే మరీ ప్రమాదం. నీ ఫోటోలోది అలా లేదులే, అయినా చూడు.

దద్దుర్లు తగ్గాక కార్తీకంలో, వానలు పడి నేల మెత్తబడ్డాక మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి పనికి ఒక పెద్దాయన వచ్చాడు. చిన్నతనంలో వాళ్ల ఊళ్లో ఈ మట్టలు చెరువులో నానబెట్టి, బాది, నార తీసి ఎద్దులకి పలుపులు పేనేవాళ్లట, మోకాళ్ల దాకా దిగి దురదతో చచ్చేవాళ్లమన్నాడు. ఆయన చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగి, పొడుగు కర్రతో అడుగున కదిపాడు. ఒక జెర్రి, రెండు తేళ్లు బయటికొచ్చాయి. కందిరీగల గూడు లేనందుకు సంతోషించాం. కర్రతో కదపకుండా మాత్రం చేయి పెట్టకు.

మా వేషాలు చూస్తే నువ్వు పడీ పడీ నవ్వేవాడివి. పాత జీన్సు, రెయిన్‌కోటు, గమ్ బూట్లు, వెల్డింగ్ వాళ్లు వేసుకునే మోచేతుల దాకా తోలు గ్లౌజులు, మొహానికి నా బైకు హెల్మెట్, అద్దం దించి. పక్కింటాయన గోడ మీంచి చూసి "చంద్రయానా?" అన్నాడు. మామూలు రబ్బరు గ్లౌజులు దండగ, ముల్లు కాగితంలోకి దిగినట్టు దిగిపోతుంది. మేలో అయితే ఈ వేషంలో మనిషి ఉడికిపోతాడు, పొద్దున ఏడింటికి మొదలుపెట్టి పదికల్లా ఆపేశాం, అలా మూడు రోజులు.

అన్నిటికంటే ముందు ముళ్లు. ప్రతి మట్ట కొసనా నల్లగా, గోనెసంచులు కుట్టే దబ్బనంలాంటి ముల్లు ఉంటుంది కదా, పొడవాటి పిడి ఉన్న కొమ్మల కత్తెరతో ఆ కొసల్ని అంగుళం చొప్పున కత్తిరించుకుంటూ పోయాం, రాలినవాటిని అప్పటికప్పుడు ఒక పాత పెయింటు డబ్బాలో వేశాం. గంటన్నర పట్టింది. బోరు పని, కానీ అది అయ్యాక చెట్టుకి సగం కోరలు పీకినట్టే. మిగిలేవి అంచుల్లో కొక్కేల్లాంటి చిన్న ముళ్లు, అవి చంపవు గానీ బట్టని పట్టుకుని వదలవు. ఆ తర్వాత అడుగు మట్టలతో మొదలుపెట్టి, మామూలు చేతి రంపంతో, గాలికి ఎదురుగా నిలబడకుండా, మొదట్లో జానెడు మోడు వదిలి ఒక్కొక్కటే కోశాం. ఆ మోడు తర్వాత గడ్డని పట్టుకోడానికి పనికొస్తుంది. నడిమి మట్టలు మీదికి వచ్చి మొహానికి తగలకుండా తాడుతో కలిపి పైకి కట్టేశాడు పెద్దాయన, మంచి ఉపాయం.

కోస్తుంటే ఒకటి చూశానురా. మట్టల వెనక బూడిదరంగు మీద అలలు అలలుగా గీతలు, ఎవరో ముగ్గు అచ్చు వేసినట్టు. దగ్గరగా చూస్తే అవి పక్క మట్ట ముళ్ల అచ్చులు. మొగ్గలో ఒకదానికొకటి అతుక్కుని ఉన్నప్పుడు నొక్కుకున్న గుర్తు, విడిపోయి ఇన్నేళ్లయినా అలాగే ఉంది. పద్దెనిమిదేళ్లు తిట్టుకుంటూ తిరిగిన చెట్టుని ఒక్కసారీ అంత దగ్గరగా చూడలేదు. ఒక నిమిషం బాధేసింది, అంతలో మోచేతికి ముల్లు గీరుకుని పోయింది ఆ బాధ.

మట్టలన్నీ పోయాక మిగిలింది పెద్ద అనాసపండులాంటి గడ్డ. వేర్లు లోతుగా వెళ్లవు, పక్కలకి పాకుతాయి, కాబట్టి చుట్టూ రెండడుగుల దూరంలో తవ్వి, వేర్లు నరికి, గడ్డపారలు రెండు వైపులా పెట్టి ఎత్తితే ముగ్గురికి లొంగింది. పిలకలు మాత్రం వేరు కొస దాకా వెతికి తియ్యాలి. మేమంత జాగ్రత్తగా తీసినా ఇప్పటికి ఐదు మొలిచాయి, కనపడగానే పెరికేస్తున్నా.

దాన్ని ఎక్కడ పడేస్తావో ముందే ఆలోచించుకో. కిరసనాయిలు పోసి కాల్చమని ఒకరు, నడిమిన ఉప్పు పొయ్యమని ఒకరు నాకు సలహా ఇచ్చారు. పచ్చి మట్ట నిండా నీళ్లే, కాలదు, ఉప్పు పోస్తే ఆ మూలన ఇంక గడ్డి కూడా మొలవదు. చెత్త బండి అబ్బాయి విడి మట్టలు ముట్టుకోనన్నాడు, వాడి చేతులు వాడికి కావాలి కదా. ముక్కలు చేసి గోనెసంచుల్లో కుక్కి ఇచ్చాం, పదకొండు సంచులయ్యాయి. గడ్డని మాత్రం వేర్లు పైకి పెట్టి ఎండలో తలకిందులుగా వదిలేశాం, నేలకి వేరు తగిలిందంటే మళ్లీ బతుకుతుంది మొండిది.

రసం పడితే రుద్దకు, వెంటనే సబ్బూ చల్లటి నీళ్లూ. కంట్లో పడితే నలపకుండా పావుగంట పంపు కింద పెట్టి నేరుగా కంటి డాక్టరు దగ్గరికి. ముల్లు లోతుగా దిగితే, ముఖ్యంగా వేళ్ల కణుపుల దగ్గర, కొస లోపల విరిగి ఉండిపోతుంది, ఇంట్లో పిన్నీసుతో కెలకొద్దు. టీటీ ఇంజక్షన్ ఎప్పుడు చేయించుకున్నావో గుర్తుందా? నీకు గుర్తుండదు, మీ ఆవిణ్ణి అడుగు. పనయ్యాక బట్టలు విడిగా నానబెట్టు, ఇది మా అమ్మ ప్రత్యేకంగా చెప్పమంది.

ఫోటోలో ఒకటి సరిగ్గా కనపడలేదు. నడిమిలోంచి పెద్ద వెదురుబొంగంత కాడ ఏమైనా లేస్తోందా? లేస్తుంటే అది పూతకి వచ్చినట్టు, ఇరవై అడుగులు దాటి పెరుగుతుంది, జన్మలో ఒక్కసారే పూసి తల్లి చెట్టు ఎండిపోతుంది. ఎలాగూ పోతుందని వదిలేస్తావేమో, పిలకలు బతికే ఉంటాయి, ఆ కాడ ఎండి నీ కారు మీద పడుతుంది. చిన్నగా ఉండగానే కొట్టెయ్యి.

ఇక్కడ ఆ గుంటలో పాత మట్టి తీసి ఎర్రమట్టి నింపాం. అమ్మ కరివేపాకు అంటోంది, నాన్న నిమ్మ అంటున్నాడు. దానికీ ముళ్లుంటాయని అమ్మ ఒకటే గొడవ.

శుక్రవారం రాత్రి బండికి బయల్దేరి వస్తా, రెండు పొద్దులు కూర్చుంటే అయిపోతుంది. గ్లౌజులు, కత్తెర నేను తెస్తా, హెల్మెట్ నీది ఉంది. గడ్డపార ఎవరినైనా అడిగి పెట్టు, రైల్లో అది పట్టుకుని ఎక్కితే నన్ను దింపేస్తారు.

ఉంటానురా.