విరిగిన బకిల్ గురించి, ఆపేసిన ఆదివారం తరగతి గురించి

మా దగ్గర తమ కుక్కలకు శిక్షణ ఇప్పిస్తున్న మీ అందరికీ నమస్కారం. గత నెల రెండో ఆదివారం, భయస్థ కుక్కల సామూహిక తరగతిలో జరిగింది మీలో కొందరు కళ్ళారా చూశారు, మిగిలినవారు ఆ నోటా ఈ నోటా విన్నారు. ఆ మాటల్లో కుక్క కరిచిందని కూడా చేరిందట. కరవలేదు. అయినా జరిగింది చిన్న విషయం కాదు, దాని తరువాత నేను తీసుకున్న నిర్ణయం మీలో చాలామందికి ఇబ్బంది కలిగించేది కూడా, కాబట్టి మొత్తం విషయం మీకు నేనే చెప్పాలి.

తరగతి మొదలై 20 నిమిషాలు అయి ఉంటుంది. తోటి కుక్క కనబడితే చాలు గొలుసు చివరికంటా దూకి మొరిగే అలవాటుతో నాలుగు నెలల క్రితం మా దగ్గరికి వచ్చిన బూడిద రంగు ఆడకుక్క, పక్క వరుసలో ఎవరో కుర్చీ జరిపిన చప్పుడుకు ఉలిక్కిపడి ఒక్కసారి ముందుకు లాగింది. గొలుసు తగిలించడానికి ఛాతీ చుట్టూ తొడిగే పట్టీల కట్టు, అంటే హార్నెస్‌కు, గుండె దగ్గర ఉండే ప్లాస్టిక్ బకిల్ పుటుక్కున విరిగింది. హార్నెస్, గొలుసు యజమానురాలి చేతిలో మిగిలిపోయాయి. నేను ఆరడుగుల దూరంలోనే ఉండి కూడా అందుకోలేకపోయాను. అది నేరుగా ఎదుటి వరుసలోని ఒక ముసలి కుక్క దగ్గరికి వెళ్ళి, దాని ముఖానికి జానెడు దూరంలో ఆగి, మెడమీది వెంట్రుకలు నిక్కబొడుచుకుని గుర్రుమంది. ముసలి కుక్క యజమాని కేకలు వేయలేదు, గొలుసు గుంజలేదు. ఇక్కడ నేర్చుకున్నట్టే గుప్పెడు మాంసం ముక్కలు ఆ కుక్క వెనకవైపుకు విసిరి, తన కుక్కను తిప్పుకుని నిదానంగా నడిచి వెళ్ళిపోయారు. బూడిద రంగు కుక్క ముక్కల కోసం వెనక్కి తిరిగిన క్షణంలో దాన్ని పట్టుకోగలిగాం. ఆ పెద్దమనిషికి నేను రుణపడి ఉన్నాను.

ఆ పది సెకన్ల వల్ల ఏం పోయిందో ఇలాంటి కుక్కను పెంచుతున్నవారికి చెప్పనవసరం లేదు. మొదట్లో అది 60 అడుగుల దూరాన మరో కుక్కను చూసినా తిండి ముట్టేది కాదు. నాలుగు నెలలపాటు, ముందు కుక్క కనబడాలి, ఆ తరువాతే ముక్క అందాలి అనే వరుస ఒక్కరోజూ తప్పకుండా పాటించి, 15 అడుగుల దాకా తీసుకొచ్చాం. ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, కుందేలంటే భయపడే పీటర్ అనే పసివాడికి ఇష్టమైన తినుబండారం పెడుతూ, కుందేలును అతను ఏడవనంత దూరం నుంచి కొద్దికొద్దిగా దగ్గరకు తెచ్చిన పద్ధతే ఇది. అయితే చల్లారిన భయం చెరిగిపోయినట్టు కాదు, గట్టి అదురు ఒక్కటి తగిలితే మళ్ళీ పైకి వస్తుంది. ఆ సాయంత్రానికి మా కుక్క మళ్ళీ 60 అడుగుల దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇక బకిల్ సంగతి. ఆరేళ్ళుగా ఒకే తయారీదారు దగ్గర హార్నెస్‌లు తెప్పించి, మీలో చాలామందికి నా చేతులతో తొడిగి, "దీన్ని నమ్మవచ్చు" అని నా నోటితో చెప్పాను. విరిగినదాన్ని, నాలుగేళ్ళ క్రితంనాటి పాతదాన్ని ఆ రాత్రి బల్లమీద పక్కపక్కన పెట్టి చూశాను. రంగు, అచ్చు, పైన చెక్కిన గుర్తు అన్నీ ఒకటే. లోపలికి దూరి పట్టుకునే నాలుక మాత్రం కొత్తదానిలో సగం మందమే ఉంది, బొటనవేలి గోటితో నొక్కితే వంగుతోంది. పాతది పటకారుతో పట్టి వంచినా వంగలేదు. ఫొటోలతో సహా రాస్తే, హార్నెస్ వదులుగా తొడిగి ఉంటారని, కొలతల పట్టిక మరోసారి చూసుకోమని జవాబు వచ్చింది. వదులుగా తొడిగిన హార్నెస్ తలమీదుగా జారిపోతుంది గాని, దాని బకిల్ నాలుక రెండు ముక్కలు కాదు. ఇన్నేళ్ళుగా ఇన్ని కుక్కలకు హార్నెస్ తొడిగిన మనిషికి కొలతల పట్టిక చూసుకోమని చెప్పడం నన్ను ఎంత నొప్పించిందో దాచుకోను. మూడో ఉత్తరానికి గాని, బకిళ్ళు ఇప్పుడు మరొకరి దగ్గర కొంటున్నామన్న మాట వాళ్ళ నుంచి రాలేదు. క్షమాపణ రాలేదు. దానికి బదులు ఒక కొత్త హార్నెస్ ఉచితంగా పంపారు. విప్పకుండానే తిప్పి పంపాను. వాళ్ళతో ఇక లావాదేవీ ఉండదు, ధర సగానికి తగ్గించినా ఉండదు.

అయితే తప్పంతా వాళ్ళదేనని చెబితే అది అబద్ధమవుతుంది. హార్నెస్‌కు, మెడపట్టీకి కలిపి వేసే పొట్టి పట్టీ ఒకటి ఉంటుంది, ఒకటి తెగినా రెండోది పట్టుకునేందుకు. కొత్తగా చేరిన ప్రతి కుక్కకూ దాన్ని తప్పనిసరి చేసిన నేనే, మూడు నెలలు దాటినవాటికి అక్కర్లేదని వదిలేశాను. ఆ పట్టీ ఉండి ఉంటే ఆ రోజు ఏమీ జరిగేది కాదు.

ఆదివారం సామూహిక తరగతిని పూర్తిగా ఆపేస్తున్నాను. దీనికి రెండు వారాలు పట్టింది. ఆపుతున్నానని రెండుసార్లు రాసి, రెండుసార్లూ చించేశాను. ఇలాంటి కుక్కను పెంచేవారు తెల్లవారకముందే, లేదా ఊరు సద్దుమణిగాకే బయటికి వెళతారు, ఎదురుగా మరో కుక్క వస్తే వీధి మారుస్తారు, ఇరుగుపొరుగు మాటలు పడతారు. ఆదివారం నాడు మాత్రమే, తమ కుక్క మొరిగినా ఎవరూ తమవైపు వింతగా చూడని చోట నిలబడగలిగేవారు. దాన్ని మీ నుంచి తీసేయడానికి నాకు చేయి రాలేదు. ఒక్క బకిల్ విరిగినందుకు ఏళ్ళుగా నడుస్తున్న తరగతి ఆపుతారా అని మీలో ఒకరు అడిగారు. బకిల్ కోసమే అయితే ఆపేవాణ్ణి కాదు.

ఆ రోజు తీసిన వీడియోను శబ్దం లేకుండా చూశాను. బకిల్ విరిగిన క్షణాన్ని వదిలేసి, అంతకుముందు 20 నిమిషాలనే మళ్ళీ మళ్ళీ చూశాను. ఎనిమిది కుక్కల్లో ఐదు, తిండి లేకుండానే మూతి నాక్కుంటున్నాయి, నిద్ర రాకుండానే ఆవలిస్తున్నాయి, ఎదుటి కుక్క నుంచి తల పక్కకు తిప్పుకుని కంటి తెల్లభాగం కనబడేలా ఓరగా చూస్తున్నాయి. ఇంట్లో గమనించమని మీకు నేను మొదటి రోజే చెప్పే బెదురు గుర్తులు ఇవే. మొరగడం లేదు కనుక అవి కుదురుకున్నాయనుకున్నాను. అవి ధైర్యం తెచ్చుకోలేదు, ఓర్చుకుంటున్నాయి. ఎనిమిది కుక్కలకూ వాటికి కావలసినంత దూరం ఇవ్వగల చోటు నా దగ్గర ఎప్పుడూ లేదు. వాటి మౌనాన్ని నా పనితనంగా లెక్కవేసుకున్నందుకు ఆ కుక్కల విషయంలో సిగ్గుపడుతున్నాను.

ఇకమీదట ప్రతి కుక్కకూ విడి శిక్షణే. అది నిబ్బరంగా ఉన్నప్పుడు, నిదానమైన మరొక్క కుక్కతో మాత్రమే దూరంగా సమాంతర నడక. నెలకొకసారి యజమానులం మాత్రం, కుక్కలు లేకుండా, కలుద్దాం. మీరు ముందే కట్టిన రుసుము విడి శిక్షణకు సర్దుబాటు అవుతుంది, వద్దనుకునేవారికి పూర్తిగా తిరిగి ఇస్తాను. గత ఏడాదిన్నరలో నా ద్వారా కొన్న హార్నెస్‌లన్నీ తెచ్చి ఇవ్వండి, డబ్బు నేనే ఇస్తాను. చిక్కం అలవాటు చేయడం కూడా అందరికీ మొదలుపెడుతున్నాను. నోరు తెరిచి రొప్పడానికి, నీళ్ళు తాగడానికి వీలుండే బుట్టలాంటి చిక్కాన్ని, లోపల తిండి పూసి కుక్క తనంతట తానే మూతి దూర్చేలా నేర్పిస్తే అది శిక్షలా అనిపించదు.

ఈ సంఘటన తరువాత ఇద్దరు, విద్యుత్ షాక్ ఇచ్చే మెడపట్టీ వాడితే పని త్వరగా అవుతుంది కదా అని అడిగారు. నా దగ్గర అది జరగదు. అమెరికాలోని పశువైద్య ప్రవర్తనా శాస్త్ర సంఘం 2021లో, దూకుడుగా ఉండే కుక్కలకైనా సరే బహుమతి ఆధారిత శిక్షణే ఇవ్వాలని స్పష్టంగా ప్రకటించింది. వేల్స్‌లో 2010 నుంచి అలాంటి పట్టీలు నిషిద్ధం. గుర్రుమన్నందుకు కుక్కను నొప్పించినప్పుడు పోయేది దాని హెచ్చరిక మాత్రమే, భయం లోపలే ఉంటుంది, ఆ తరువాత అది చెప్పకుండానే కరుస్తుంది. ఈ ఒక్క విషయంలో మరోచోటికి వెళ్ళాలనుకునేవారిని నేను ఆపను.

బూడిద రంగు కుక్క ఎలా ఉందని చాలామంది అడుగుతున్నారు. దాని యజమానురాలు మమ్మల్ని వదిలి వెళ్ళలేదు. మొన్న 40 అడుగుల అవతల ఒక కుక్క నడిచి వెళుతుంటే, అది చెవులు రిక్కించి చూసి, ఎవరూ పిలవకుండానే ఆవిడ ముఖం వైపు తిరిగింది, ఇచ్చిన ముక్క నమిలి మింగింది. ఈ వారమంతా ఆ 40 అడుగుల దగ్గరే ఉంటాం.