మా తమ్ముణ్ని కాపాడిన రైతుకు, ట్రైల్ క్లబ్బు వాళ్లకు మా ఇంటిల్లిపాది కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. ఫిబ్రవరిలో మా తమ్ముడికి స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి) ప్రమాదం జరిగినప్పటి నుంచి ఎంతమంది ఫోన్లు చేశారో, ఎంతమంది ఇంటికి వచ్చి పలకరించారో. అందరికీ విడివిడిగా జవాబివ్వలేకపోయాను. వాడిప్పుడు చేతికర్ర సాయంతో నడుస్తున్నాడు. తొడ ఎముకలో రాడ్ వేశారు, ఫిజియోథెరపీ నడుస్తోంది, వచ్చే నెల నుంచి ఆఫీసుకు వెళ్లొచ్చన్నారు. వాడు ఇవాళ మా మధ్య ఉన్నాడంటే అది ఎవరి చలవో మన వాళ్లందరికీ తెలియాలని ఇది రాస్తున్నాను. అందులో మొదట చెప్పుకోవాల్సింది ఒక రైతు గురించి. పేరు రాయొద్దన్నారు కాబట్టి పెద్దాయన అనే అంటాను.

జరిగింది ఇది. తమ్ముడు, వాడి స్నేహితులు అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్ నుంచి ఉత్తరాన వాసా అనే ఊరి వైపు వెళ్లి స్నోమొబైళ్లు అద్దెకు తీసుకున్నారు. వాడికి సేఫ్టీ సర్టిఫికెట్ ఉంది. విస్కాన్సిన్‌లో 1985 జనవరి 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టిన వాళ్లు ట్రైల్ మీద, అంటే స్నోమొబైళ్ల కోసం గుర్తులు పెట్టిన దారి మీద, బండి నడపాలంటే అది ఉండి తీరాలి. ఎవరూ తాగలేదు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, ఈ రాష్ట్రంలో స్నోమొబైల్ మరణాల్లో ఎక్కువగా కనిపించే కారణాలు మందు, స్పీడు. అందరూ మొదట అడిగేది అదే. వీళ్ల విషయంలో జరిగింది వేరు. ట్రైల్ ఒక పొలం అంచు వెంబడి వెళ్లి, బాణం గుర్తున్న బోర్డు దగ్గర కుడికి తిరుగుతుంది. ముందున్న ఇద్దరు చీకటి పడేలోగా చేరాలని ఆ మలుపు తిరక్కుండా పొలానికి అడ్డంగా బండ్లు పోనిచ్చారు. మా వాడు వాళ్ల వెనకే వెళ్లాడు.

మబ్బు పట్టిన సాయంత్రం మంచు మీద నీడ పడదు. గుంటా, గుట్టా, చదునూ అన్నీ ఒకే తెలుపులో కలిసిపోతాయి. ఆ ప్రాంతపు నేల వేల ఏళ్ల కిందట హిమానీనదాలు వదిలిపోయిన నేల. ప్రతి వసంతంలో మంచు కరిగాక మట్టిలోంచి రాళ్లు పైకి వస్తుంటాయి. రైతులు వాటిని ఏరి పొలం ఓరన కుప్ప పోస్తారు. అలాంటి కుప్ప ఒకటి మంచు కింద ఉంది. ముందు వాళ్లు దాని పక్కనుంచి వెళ్లిపోయారు, తమ్ముడి బండి సరిగ్గా దానికి కొట్టుకుంది. వాడు ఎగిరి అవతల పడ్డాడు. కాలు కదల్లేదు. ఫోన్ ఎక్కడ పడిందో తెలీదు. ముందు వెళ్లిన వాళ్లకు, ఇంజిన్ల మోతలో, వెనక ఒక లైటు తగ్గిందని రోడ్డెక్కేదాకా తెలియలేదు. అప్పటికి చలి మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంది.

పెద్దాయన సాయంత్రం పాలు పితకడానికి కొట్టంలోకి వెళ్తూ, తన చేలో ఒక హెడ్‌లైటు కదలకుండా పక్కకు తిరిగి ఉండటం చూశారు. ఎవరో మళ్లీ పొలం తొక్కుతున్నారన్న కోపంతోనే ట్రాక్టర్ తీశానని తర్వాత ఆయనే మాతో అన్నారు. దగ్గరికి వెళ్లి చూస్తే మనిషి పడున్నాడు.

తమ్ముడు ఆయన్ని చూడగానే "సారీ, సారీ" అంటూనే ఉన్నాడట. ఆయన "పొలం సంగతి తర్వాత చూద్దాం, ముందు నువ్వు కదలకు" అన్నారు. హెల్మెట్ తీసుకోబోతే తియ్యనివ్వలేదు. మెడకు దెబ్బ తగిలి ఉంటే హెల్మెట్ లాగడం ప్రమాదమని ఆయనకు తెలుసు. తన కోటు విప్పి వాడి మీద కప్పారు. ఆ చలిలో, డెబ్బై దాటిన మనిషి, లోపలి చొక్కాతో మంచులో మోకాళ్ల మీద కూర్చున్నారు. ఆయన భార్య ఇంట్లోంచి 911కి ఫోన్ చేసి, ఏ గేటు నుంచి రావాలో, ఎక్కడ మంచు గట్టిగా ఉందో చెప్పి, బొంతలు పట్టుకుని ఆవిడా వచ్చారు. అంబులెన్స్ వచ్చేదాకా వాణ్ని నిద్రపోనివ్వకుండా మాట్లాడిస్తూనే ఉన్నారు. మీ ఊరేది, మీ నాన్న ఏం చేస్తారు, ఏం పండిస్తారు అని. ఖమ్మం దగ్గర పత్తి, మిర్చి అని వాడు చెప్పాడట. మిర్చి ఎండబెట్టడం గురించి అంత నొప్పిలో ఎలా చెప్పానో తెలీదక్కా అంటాడు ఇప్పుడు.

అంబులెన్స్ పొలంలోకి రాలేదు. అక్కడి ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసేది వలంటీర్లు. ఒకాయన మెకానిక్, ఒకామె స్కూల్లో వంట చేస్తారు. వాళ్లూ, ట్రైల్స్ బాగోగులు చూసుకునే స్థానిక స్నోమొబైల్ క్లబ్బు వాళ్లూ కలిసి, బండి వెనక కట్టి లాగే రెస్క్యూ స్లెడ్ తెచ్చి, కాలికి కట్టు కట్టి, కుదుపు లేకుండా నడక వేగంతో రోడ్డు దాకా చేర్చారు. ఆ రాత్రి ట్రైల్ చదును చెయ్యడానికి గ్రూమర్ తీసుకుని బయల్దేరిన క్లబ్బు సభ్యుడు పని ఆపి, గ్రూమర్ లైట్లు పొలం వైపు తిప్పి దారి చూపించారు. వీళ్లెవరికీ దీనికి జీతం లేదు.

ఇక్కడ కొంచెం ఆగి ఒక విషయం చెప్పాలి. మనలో చాలామందికి ఇది తెలియదని ఈ మూడు నెలల్లో నాకు అర్థమైంది. విస్కాన్సిన్‌లో దాదాపు 25,000 మైళ్ల స్నోమొబైల్ ట్రైల్స్ ఉన్నాయి. ఈ బండికి మూలపురుషుల్లో ఒకరైన కార్ల్ ఎలియాసన్ 1924లో తన మోటారు టొబాగన్‌ను (మంచు మీద జారే బల్లకు మోటారు బిగించిన బండిని) తయారు చేసింది కూడా ఈ రాష్ట్రంలోనే, సేనర్ అనే చిన్న ఊళ్లో. ట్రైల్ అంటే ప్రభుత్వం వేసిన రోడ్డు లాంటిదని, పాస్ కొన్నాం కాబట్టి మన హక్కని అనుకుంటాం. కానీ ఆ దారుల్లో చాలా భాగం రైతుల సొంత భూముల మీదుగా వెళ్తుంది. క్లబ్బు వాళ్లు ఒక్కో ఇంటి తలుపు తట్టి అనుమతి అడుగుతారు. రైతు సరేనంటే శీతాకాలం మాత్రం కొన్ని అడుగుల వెడల్పున దారి ఇస్తాడు. ఆ దారి దాటి పక్కకు వెళ్తే అది ఆయన పొలమే. బోర్డు లేదు కదా, కంచె లేదు కదా అనడానికి వీల్లేదు. బోర్డు లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదని ఇక్కడి చట్టంలోనే ఉంది.

ఒక్క రైతు వద్దంటే అక్కడితో దారి తెగిపోతుంది. దాన్ని మళ్లించాలంటే పక్క రైతు ఒప్పుకోవాలి, లేదంటే మైళ్ల కొద్దీ చుట్టూ తిప్పాలి. పెద్దాయన పొలంలో ఈ చలికాలమే అంతకు ముందు కొందరు ట్రైల్ వదిలి తిరిగారు. ఆపి అడిగితే బూతులు తిట్టి వెళ్లిపోయారు. ఇంకో రాత్రి అర్ధరాత్రి దాటాక ఇంటి పక్కనుంచే హోరెత్తిస్తూ పోయారు. రాత్రి 10:30 నుంచి ఉదయం 7 దాకా ఇళ్లకు 150 అడుగుల లోపల గంటకు 10 మైళ్లు దాటకూడదని రూలు ఉంది, ఎవరికి పట్టింది? వచ్చే ఏడాది నుంచి దారి ఇవ్వనని ఆయన క్లబ్బుకు అప్పటికే చెప్పేశారు. అలాంటి మనిషి చేలోనే మా తమ్ముడు పడ్డాడు.

మా నాన్నకు ఫోన్‌లో విషయం చెప్పినప్పుడు, వాడి ప్రాణానికి ప్రమాదం లేదని తెలిశాక ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఎవరి చేలో పడ్డాడమ్మా? పైరుందా?" అని. మన ఊళ్లో గొడ్డు పక్కవాడి చేలో పడితే బందెలదొడ్డికి తోలేవాళ్లు, పంచాయితీ పెట్టేవాళ్లు. పైరు నలిగితే రైతుకు ఎలా ఉంటుందో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

హాస్పిటల్లో ఉన్నప్పుడు కొందరు మంచి మనసుతోనే ఒక సలహా ఇచ్చారు. రాళ్ల కుప్పకు గుర్తు పెట్టలేదు కదా, ఆ రైతు మీద కేసు వెయ్యండి, ఆయన ఇన్సూరెన్స్ నుంచి డబ్బు వస్తుంది అని. వాళ్ల మీద నాకు కోపం లేదు, బిల్లులు చూస్తే ఎవరికైనా టెన్షన్ పుడుతుంది. కానీ ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదని అందరికీ తెలియాలి. ఆట, విహారం కోసం తన భూమిలోకి వచ్చిన వాళ్లకు దెబ్బ తగిలితే సాధారణంగా భూమి యజమాని బాధ్యుడు కాడని విస్కాన్సిన్ చట్టం, సెక్షన్ 895.52, చెబుతుంది. ఆ రక్షణ ఉందన్న ధైర్యంతోనే రైతులు దారి ఇస్తున్నారు. చట్టం అలా ఉన్నా, కోర్టు నోటీసు వస్తుందేమోనన్న భయం మాత్రం వాళ్లను వదలదు. ఎన్నో దారులు మూతపడటానికి ఆ భయమే కారణమని క్లబ్బు పెద్ద ఒకరు నాతో అన్నారు. చట్టం సంగతి పక్కన పెట్టినా, కోటు విప్పి కప్పిన మనిషి మీద కేసా?

కన్జర్వేషన్ వార్డెన్ (ఇలాంటి ప్రమాదాలను విచారించే ప్రభుత్వ అధికారి) హాస్పిటల్‌కు వచ్చి తమ్ముడి మాట రాసుకున్నారు. గాయాలైన ప్రమాదానికి పది రోజుల లోపల రాతపూర్వకంగా రిపోర్టు ఇవ్వాలి. అది ఎలా నింపాలో కూడా ఆయనే ఓపిగ్గా చెప్పారు. అనుమతి లేకుండా పొలంలోకి వెళ్లినందుకు తమ్ముడికి టికెట్ రాశారు. వాడు జరిమానా కట్టాడు. రాసింది న్యాయమే. మర్యాదగా, కసురుకోకుండా చేసినందుకు ఆయనకూ మా ధన్యవాదాలు.

మే మొదటి వారంలో తమ్ముణ్ని తీసుకుని పెద్దాయన ఇంటికి వెళ్లాం. అమ్మ చెప్పినట్టే పులిహోర, అరిసెలు చేసి పట్టుకెళ్లాను. పెద్దాయన భార్య అరిసె సగం తిని, మిగతా సగం పొట్లం కట్టి మనవడికి దాచారు. తర్వాత ఆయన మమ్మల్ని చేలోకి తీసుకెళ్లారు. ఆ పొలంలో వేసింది అల్ఫాల్ఫా. మన దగ్గర లూసర్న్ గడ్డి అంటాం, పశువుల మేతకు వేస్తారు. ఒకసారి విత్తితే కొన్నేళ్ల పాటు కోసుకుంటారు. చేనంతా పచ్చగా, మడమ ఎత్తున లేచి ఉంది. మధ్యలో మాత్రం బండి వెడల్పున గోధుమరంగు చారలు, ఒకదాన్నొకటి కోసుకుంటూ, రోడ్డు దాకా. మంచు వదులుగా ఉంటే మొక్కకు దుప్పటి కప్పినట్టు ఉంటుందట. బండి తొక్కితే అది గట్టిపడి ఐసవుతుంది, చలి నేరుగా మొదలుకు తగిలి మొక్క చచ్చిపోతుంది. ఆయన వంగి ఒక మొక్క పీకి, గోటితో మొదలు చీల్చి చూపించారు. లోపల తెల్లగా గట్టిగా ఉండాల్సింది, మెత్తగా, గోధుమ రంగులో నారలా ఊడొచ్చింది. ఆ చారల్లో ఏది మా వాడిది, ఏవి అంతకు ముందు వచ్చిన వాళ్లవి అని తమ్ముడు అడిగాడు. ఆయన చెయ్యి చాపి చూపించారు, అంతే. మాట అనలేదు.

తమ్ముడు నష్టం కడతానన్నాడు. ఆయన ఒప్పుకోలేదు. చాలాసేపు బతిమాలాక, విత్తనాల ఖర్చు మాత్రం క్లబ్బుకు ఇవ్వమన్నారు, వాళ్లు నష్టపోయిన రైతులందరికీ సర్దుతారని. వాడు ఇచ్చాడు. ఇంకో మాట కూడా చెప్పారు. వచ్చే చలికాలానికి దారి ఇవ్వడానికి ఒప్పుకున్నారట, కాకపోతే పొలం మధ్యకు ఎవరూ రాకుండా ఆ మలుపు దగ్గర తాడు, మరిన్ని బోర్డులు పెట్టాలన్న షరతుతో. ఆ రాత్రి వాళ్లంతా ఎలా పనిచేశారో చూశాక క్లబ్బును కాదనలేకపోయానన్నారు.

మిగతా వాళ్లకు కూడా పేరుపేరునా చెప్పుకోవాలి కానీ చాలామంది పేర్లు వద్దన్నారు. మొదటి మూడు రాత్రులు కుర్చీలో పడుకున్న తమ్ముడి రూమ్మేట్‌కు, మాకోసం తన ఇంటి తాళాలు ఇచ్చేసిన వాసాలోని వరంగల్ దంపతులకు, నొప్పి ఎంతుందో చెప్పే అంకెల్ని వాడి దగ్గర తెలుగులో నేర్చుకున్న ఐసీయూ నర్సమ్మకు, మాడిసన్‌లో వారం వారం వంతులు వేసుకుని భోజనం పంపిన అక్కాచెల్లెళ్లకు, వీసా కాగితాలు సర్దిపెట్టి అమ్మను ఇక్కడికి రప్పించిన బాబాయికి మా చేతులెత్తి నమస్కారం. ముందు వెళ్లిపోయిన ఆ ఇద్దరు కుర్రాళ్లను కూడా ఎవరూ ఏమీ అనొద్దని తమ్ముడు మరీ మరీ రాయమన్నాడు. వాళ్లు ప్రతి వారం వస్తున్నారు, కాలు మసాజ్ చేసి వెళ్తున్నారు.

డిసెంబరు వస్తే మన పిల్లలు మళ్లీ ఉత్తరానికి బయల్దేరతారు. వెళ్లండి, అది చక్కటి అనుభవమని తమ్ముడే ఇంకా అంటాడు. అద్దె షాపు వాళ్లు చేతిలో మ్యాప్ పెట్టి పంపేస్తే సరిపోదు, ఎక్కడెక్కడ ప్రైవేటు పొలాలున్నాయో కూర్చుని అడగండి. కౌంటీ (మన జిల్లా లాంటిది) వాళ్లు ట్రైల్ తెరిచారో లేదో చూసుకోండి. ప్రతి మలుపు దగ్గరా వెనక బండి లైటు కనిపించేదాకా ముందున్నవాడు ఆగాలి. కనిపించకపోతే వెనక్కి రావాలి. మా వాడు పడ్డప్పుడు ఈ ఒక్క అలవాటు ఉండుంటే వాడు మంచులో అంతసేపు ఒంటరిగా ఉండేవాడు కాదు. ఎదురుగా నడిచి వెళ్తున్న మనిషి గానీ, కంచె దగ్గర నిలబడ్డ రైతు గానీ కనిపిస్తే వేగం తగ్గించి చెయ్యెత్తి పలకరించండి. ఆయన ఇచ్చిన దారిలోనే కదా పోతున్నాం.

అక్టోబరు చివర్లో, మొక్కజొన్న కోతలయ్యాక, క్లబ్బు వాళ్లు ట్రైల్ వెంబడి కొమ్మలు కొట్టి, బోర్డుల కర్రలు పాతే పని పెట్టుకుంటారు. డాక్టరు సరేనంటే తమ్ముడు వెళ్తాడు, నేనూ మా ఆయనా ఎలాగూ వెళ్తాం. పెద్దాయన మలుపు దగ్గర తాడు కట్టే పని మనకే ఇమ్మని అడిగాం. రావాలనుకునే వాళ్లు నాకు మెసేజ్ పెట్టండి, తేదీ ఖాయం కాగానే చెబుతాను. మందపాటి గ్లవ్స్, బూట్లు తెచ్చుకోండి. భోజనం మేం తెస్తాం.