సైట్‌లో 340, షాపులో 180: మధ్యలో డబ్బు ఎటు పోతోందంటే

నమస్కారమండీ. ఏలూరు రోడ్డులోని మన పాత పుస్తకాల కొట్టుకి వచ్చేవాళ్లు ఈ మధ్య ఫోన్ తీసి చూపించి మరీ అడుగుతున్నారు: "ఇదే నవల, ఇదే ముద్రణ. సైట్‌లో మీరే 340కి పెట్టారు, ఇక్కడ 180 అంటున్నారు. ఏంటండీ ఇది?" అడగాల్సిన మాటే. అందరి సరుకూ అమ్మిపెట్టే ఆ ఆన్‌లైన్ సైట్‌లో కొనుక్కుని, తర్వాత షాపు ధర తెలిసి నొచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి ఆన్‌లైన్ అమ్మకం పద్ధతి మారుస్తున్నాం. ఎందుకు మారుస్తున్నామో చెప్పాలంటే లెక్క విప్పక తప్పదు.

ఆ 180 రూపాయల నవలనే తీసుకోండి. మేం ఇళ్లలోని పుస్తకాలు లాటుగా కొంటాం. అందులో సగం చెదలు పట్టి, అట్టలు ఊడి కాటాకే పోతాయి. మిగిలిన సగం మీద ఆ ఖర్చంతా వేసుకుంటే, ఈ నవల మాకు 60 రూపాయలకు పడిందనుకోండి. షాపులో అమ్మితే 120 మిగులుతుంది. అద్దె, కరెంటు, కుర్రాడి జీతం అన్నీ అందులోంచే.

అదే 180కి సైట్‌లో పెడితే? కమీషన్ పది శాతం, అంటే 18. అమ్ముడైన ప్రతి వస్తువుకీ వేసే స్థిర రుసుము 25. అర కిలో లోపు పార్సిల్‌ని వేరే రాష్ట్రానికి పంపడానికి 70. మొత్తం 113. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 133 దాటుతుంది. చేతికొచ్చేది 46 రూపాయల చిల్లర. అందులోంచి కవరు, టేపు, అట్టముక్కకి 12 తీసేయండి. 60 పెట్టి కొన్నది 34కి అమ్మినట్టు. ధర 340 చేస్తే అన్ని కోతలూ పోను మాకు మిగిలేది 115 రూపాయల పైచిలుకు, షాపులో మిగిలేదానికి ఓ నాలుగు రూపాయలు తక్కువే. ఆ 340 మా ఆశ కొద్దీ పుట్టిన అంకె కాదండీ. (ఈ రేట్లు సైటును బట్టి, నెలను బట్టి మారుతుంటాయి. చేతి లెక్క కోసం గుండ్రం చేసి చెబుతున్నాను.)

ఇందులో నన్ను ఎక్కువగా బాధపెట్టేది కమీషన్ కాదు. చాలామంది అమ్మకందారులు శాతం చూసి సైటును ఎంచుకుంటారు, పది శాతమా పదిహేను శాతమా అని కొట్టుకుంటారు. భిలాయ్‌లోనో సూరత్‌లోనో ఉన్న తెలుగు పాఠకుడికి నా కొట్టు ఉందని తెలిసే దారి ఇంకోటి లేదు. ఆయన్ని వెతికి తెచ్చినందుకు మిర్చి యార్డులో కమీషన్‌దారు తీసుకున్నట్టు సైటు తన వాటా తీసుకుంటే నాకేం అభ్యంతరం? శాతం సరుకు ధరతో పాటు తగ్గుతుంది, పెరుగుతుంది. స్థిర రుసుము, రవాణా అలా కాదు. వంద రూపాయల పుస్తకానికీ, వెయ్యి రూపాయల పుస్తకానికీ ఒకే బరువైతే దాదాపు ఒకే కోత. పాత సరుకు అమ్మేవాడి బతుకంతా ఆ వంద, రెండొందల మధ్యే ఉంటుంది.

రెండు కిలోల నిఘంటువు సెట్టు 2,400కి పెట్టామనుకోండి. కమీషన్ 240, స్థిర రుసుము 50 (ఖరీదైన వాటికి ఇదీ కాస్త ఎక్కువ), రవాణా 160, పైన జీఎస్టీ. కలిపితే 531. ధరలో 22 శాతం. 180 రూపాయల నవలకి అవే కోతలు 74 శాతం. సైటు అదే, షాపు అదే.

"ఇప్పుడు కమీషన్ తీసేశారట కదా" అని కొందరు అన్నారు. నిజమే. మీషో 2021 నుంచే సున్నా కమీషన్ అంటోంది. అమెజాన్ ఇండియా 2025 ఏప్రిల్ నుంచి 300 లోపు వస్తువుల మీద చాలా విభాగాల్లో రెఫరల్ ఫీజు, అంటే కమీషనే, ఎత్తేసింది. మంచిదే. పై లెక్కలో కమీషన్ సున్నా చేసి చూడండి: 21 రూపాయలు కలిసొస్తాయి. అయినా 60 పెట్టిన పుస్తకానికి 56 కూడా రాదు.

జీఎస్టీ సంగతి కొంచెం విచిత్రం. అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదు. కేవలం పుస్తకాలే అమ్మేవాడు జీఎస్టీ నంబరు తీసుకోనక్కర్లేదు. వినడానికి బాగుంటుంది. కానీ సైట్లు మా దగ్గర ఫీజుల మీద వసూలు చేసే 18 శాతాన్ని వేరే వ్యాపారులు తాము కట్టాల్సిన పన్నులో తగ్గించుకుంటారు. మాకు ఆ అవకాశం లేదు, అది నికరంగా పోయినట్టే. గ్రామఫోన్ రికార్డులు, కేసెట్లు కూడా ఆన్‌లైన్‌లో పెట్టమని అడిగేవాళ్లకి ఇదే జవాబు: వాటి మీద పన్ను ఉంది కాబట్టి, అవి సైట్ల ద్వారా ఇతర రాష్ట్రాలకు అమ్మాలంటే జీఎస్టీ నంబరు, పన్ను రిటర్నులు తప్పవు. రికార్డులు షాపుకొచ్చి చూసుకోండి. గీతలు కంటితో చూసి కొనాల్సిన సరుకు అది.

ఇక వాపసులు. "పాతగా ఉంది" అని కారణం రాసి తిప్పి పంపిన పుస్తకాలు మా దగ్గర ఓ అరలో ఉన్నాయి. 1970ల నాటి నవల మరి! సైటు పేరెందుకు గానీ, వాపసు ఒప్పుకోకపోతే మా రేటింగు పడిపోతుంది, ఒప్పుకుంటే రెండు వైపుల రవాణా మా నెత్తిన పడుతుంది. అందుకే ఇకపై ప్రతి పుస్తకానికీ లైబ్రరీ ముద్ర, పెన్ను గీతలు, విరిగిన వెన్ను కనిపించేలా నాలుగు ఫోటోలు పెడతాం.

ఒకటో తారీకు నుంచి షాపు ధర 300 లోపున్న పుస్తకాలన్నీ సైట్ల నుంచి తీసేస్తున్నాం. అవి షాపులోనూ, వాట్సాప్ జాబితాలోనూ షాపు ధరకే దొరుకుతాయి, పోస్టేజీ అదనం. పోస్టేజీ గురించి ఒక మాట. 2024 డిసెంబరులో తపాలా శాఖ పుస్తకాలని చవగ్గా పంపే రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ ఆపేసినప్పుడు మాలాంటివాళ్లకి చేతులు విరిగినట్టయింది. 2025 మే 1 నుంచి పుస్తకాల కోసమే జ్ఞాన్ పోస్ట్ వచ్చింది: 300 గ్రాముల లోపు 20 రూపాయలు, 5 కిలోలకు 100, పన్ను అదనం. ట్రాకింగు ఉంటుంది. రోడ్డు, రైలు మార్గంలోనే వెళ్తుంది కాబట్టి తొందరపడేవాళ్లకి పనికిరాదు. పుస్తకం మీద ముద్రాపకుడిదో ప్రచురణకర్తదో పేరు ఉండాలి, అంటే మొదటి పేజీలు చిరిగిపోయినవి వెళ్లవు. పాత వారపత్రికలు, పిల్లల మాసపత్రికలు కూడా ఆ రేటుకి వెళ్లవు, వాటికి స్పీడ్ పోస్టే. ఒక్క పుస్తకం కాకుండా నాలుగైదు కలిపి తెప్పించుకుంటే మీకే లాభం. జాబితాలో నచ్చినవి చెబితే పదిహేను రోజులు పక్కన పెట్టి ఉంచుతాం.

సెట్లు, నిఘంటువులు, ముద్రణలో లేనివి మాత్రం సైట్లలోనే కొనసాగుతాయి. వాటికి పాఠకుడు ఎక్కడున్నాడో మాకు తెలియదు, వెతికి పెట్టినందుకు ఆ 22 శాతం ఇవ్వడం గిట్టుబాటే.

"సైట్‌లో కొన్నవాళ్ల పార్సిల్లో మీ నంబరు చీటీ పెట్టేయండి, తర్వాత నేరుగా కొంటారు" అని మన పాత ఖాతాదారు ఒకాయన సలహా ఇచ్చారు. సైట్ల నిబంధనలు ఒప్పుకోవు, మేమూ చేయం. వాళ్లు తెచ్చిన ఖాతాదారు మీద వాళ్లకి హక్కుంది. మన జాబితా గురించి మీరు మీ స్నేహితులకు చెబితే అది వేరే సంగతి, ఆపేవాళ్లెవరూ లేరు.

వాట్సాప్ జాబితా ప్రతి శనివారం సాయంత్రం వస్తుంది. యూపీఐ చెల్లింపు మాత్రమే, క్యాష్ ఆన్ డెలివరీ లేదు. సైట్‌లో సెట్టు చూసి షాపుకొచ్చినవాళ్లకి షాపు ధరే చెబుతాం, ఫోన్ చూపించక్కర్లేదు.