ఫెరిటిన్ అంకె చూసి బెంగ పెట్టుకోకు

అమ్మా,

రక్తం ఎక్కించుకుంటూనే ఉండాల్సిన నాకు ఒంట్లో ఇనుము ఎంత పేరుకుందో చెప్పే రక్తపరీక్ష కదా ఈ ఫెరిటిన్, మొన్న ఫోన్‌లో అది 2,300 అనగానే నీ గొంతు మారిపోయింది. ఆ తర్వాత నేనేం చెప్పినా నీ చెవికెక్కలేదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. నాన్నకి కూడా చదివి వినిపించు.

ఆ టెస్టు చేసినప్పుడు నాకు జ్వరం ఇంకా పూర్తిగా తగ్గలేదు. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉంటే ఇనుము పెరగకపోయినా ఫెరిటిన్ పైకి లేస్తుంది. ఇక్కడి డాక్టరమ్మ ఆ ఒక్క అంకెని పట్టుకుని ఏదీ తేల్చదు. కొన్ని నెలల రిపోర్టులు పక్కపక్కన పెట్టి, పెరుగుతోందా తగ్గుతోందా అని చూస్తుంది. అంతకన్నా ఎమ్మారైని నమ్ముతుంది. అందులో టీ2 స్టార్ అని ఒక కొలత ఉంటుంది, గుండె కండరంలో ఇనుము పేరుకుందో లేదో దాన్ని బట్టి తెలుస్తుంది. 20 మిల్లీసెకన్లు దాటితే గుండె బాగున్నట్టే, 10 కంటే దిగితే ప్రమాదం. నాది 20 పైనే ఉంది. ఇది ఫెరిటిన్‌లా కాదు, అంకె ఎక్కువుంటేనే మంచిది. రెండూ కలిపేసుకుని మళ్లీ టెన్షన్ పడకు. లివర్‌లో మాత్రం ఇనుము ఉండాల్సిన దానికంటే ఎక్కువే ఉందట, లివర్ ఎండు బరువు లెక్కన గ్రాముకి 7 మిల్లీగ్రాములు దాటింది. ఇనుముని బయటికి పంపే మందు మోతాదు పెంచింది అందుకే.

పిన్ని ఐరన్ టానిక్ పంపిస్తానందట కదా. వద్దని గట్టిగా చెప్పు. రక్తం తక్కువ అనగానే అందరికీ ముందు తోచేది అదే. నాకు తక్కువైంది ఇనుము కాదు, ఎర్రకణాలు. ఎక్కించుకునే ప్రతి బ్యాగుతోనూ 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము లోపలికి వస్తుంది. ఒంటికేమో దాన్ని పనిగట్టుకుని బయటికి తోసే దారి లేదు. రాలిపోయే కణాలతో పాటు రోజుకి ఒకటో రెండో మిల్లీగ్రాములు పోతే గొప్ప. జమే తప్ప ఖర్చు లేని పద్దు అన్నమాట. మిగిలింది లివర్‌లో, గుండెలో, ఇన్సులిన్ తయారయ్యే క్లోమంలో చేరి కూర్చుంటుంది. నేను ఆకుకూరలు మానేసినంత మాత్రాన అది కరగదమ్మా.

పోనీ రక్తం ఎక్కించడమే కొంచెం వాయిదా వేయకూడదా అన్నావు. అలా చేస్తే హిమోగ్లోబిన్ పడిపోతుంది, అప్పుడు పేగులు తిండిలోంచి ఇనుముని ఇంకా ఎక్కువ లాగుతాయి. నీరసం సరేసరి. రక్తం టైముకి ఎక్కాల్సిందే, ఇనుము మందుతో దిగాల్సిందే.

ఇనుము దించే మందుని చిన్న పంపుతో చర్మం కిందకి ఎక్కించిన రోజులు నీకు గుర్తుండే ఉంటాయి. రాత్రి నిన్నటి సూది చోట గడ్డ కట్టిందేమోనని పొట్టంతా వేలితో తడిమి, మెత్తగా ఉన్న చోట సూది దింపి ప్లాస్టరు వేసేదానివి. తెల్లవార్లూ మందు చుక్కచుక్కగా ఎక్కేది. పొద్దున మూత్రం ఎర్రగా వస్తే నాన్న హడలిపోయారు. అది రక్తం కాదు, మందు పట్టుకుని లాక్కొచ్చిన ఇనుము. ఆ తర్వాత నీళ్లలో కలుపుకునే మాత్రలొచ్చాయి. ఎంత కలిపినా గ్లాసు అడుగున సుద్దలాంటి మడ్డి మిగిలేది. మళ్లీ నీళ్లు పోసి అదీ తాగాలి, పైగా పరగడుపున. కడుపులో తిప్పేది. ఇప్పుడు వాడేది కూడా అదే మందు, డెఫెరాసిరాక్స్. కాకపోతే నేరుగా మింగే మాత్ర, ఏదైనా కొంచెం తిని వేసుకోవచ్చు. ఈ రకం ఒంటికి బాగా పడుతుంది కాబట్టి మిల్లీగ్రాముల లెక్క పాతదానికంటే తక్కువుంటుంది. చీటీ చూసి మందు తగ్గించేశారనుకోకు.

జ్వరం వచ్చినప్పుడు మాత్ర ఆపమన్నది డాక్టరమ్మే. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు వేసుకుంటే కిడ్నీలకి దెబ్బ. అందుకే కిడ్నీల పని చూసే క్రియాటినిన్ టెస్టు, లివర్ టెస్టులు నెలనెలా చేస్తారు. కళ్లు, చెవుల పరీక్ష ఏడాదికోసారి. షుగర్, థైరాయిడ్ కూడా చూస్తూనే ఉంటారు. ఇన్ని టెస్టులంటే విసుగే, కానీ ఈ మందు విషయంలో నాకిదే నయమనిపిస్తుంది.

ఒక పని చేసిపెట్టు. బీరువాలో నా పాత ఫైల్ ఉంటుంది. పంపు వాడిన రోజుల్లో చేసిన చెవి పరీక్ష రిపోర్టులు అందులోనే ఉండాలి. ఇప్పటివాటితో పోల్చి చూడాలని డాక్టరమ్మ అడుగుతోంది. చెల్లి చేత ఫోటోలు తీయించి పంపు, తేదీ కనబడేలా తీయమను.

నీ బీపీ మాత్రలు మాత్రం మరిచిపోకు.

నీ
పెద్దమ్మాయి