ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చునే కాలేజీల సంగతి ఎవరు చూస్తారు?

సంపాదకులకు,

ఎండాకాలం వచ్చిందంటే పేపర్ల నిండా జూనియర్ కాలేజీల ప్రకటనలు. లెక్చరర్లు కావలెను, మంచి జీతం, డెమోకి రండి అని. అవి చూసి ఫోన్ చేసేవాళ్లలో చాలామంది ఎమ్మెస్సీ అప్పుడే ముగించిన పిల్లలు. డెమో బాగా చెబితే అదే రోజు సెలెక్టయ్యారు అంటారు, ఆ వెంటనే టెన్త్ నుంచి పీజీ దాకా ఒరిజినల్స్ అన్నీ ఇమ్మంటారు. వెరిఫికేషన్‌కి అంటారు. ఇచ్చిన కవరు మళ్లీ చేతికి రావాలంటే ఎంత తిరగాలో మాత్రం ఆ రోజు ఎవరూ చెప్పరు.

నేను కెమిస్ట్రీ లెక్చరర్‌ని. విజయవాడలోనూ హైదరాబాద్‌లోనూ హాస్టల్ ఉన్న ప్రైవేటు కాలేజీల్లో పనిచేశాను. అందులో ఒక కాలేజీ, మానేస్తానని చెప్పాక నా సర్టిఫికెట్ల కోసం నెలల తరబడి తిప్పింది. ఇవాళ ప్రిన్సిపాల్ గారు లేరు, ఫైలు హెడ్డాఫీసులో ఉంది, క్లియరెన్స్ ఫారం మీద ఇంకో సంతకం కావాలి, చివరికి రిజల్ట్స్ వచ్చాక చూద్దాం. నాకు దక్కాయి, కానీ నాతో పనిచేసిన ఫిజిక్స్ మేడమ్‌కి గురుకుల పోస్టు సర్టిఫికెట్ వెరిఫికేషన్ రోజున ఒరిజినల్స్ చేతిలో లేవు. ఏళ్లు కూర్చుని చదివి తెచ్చుకున్న మెరిట్, ఒక బీరువా తాళం తీయకపోవడం వల్ల ప్రమాదంలో పడింది. గడువు అడిగి, అధికారుల కాళ్లావేళ్లా పడి బయటపడింది. అందరికీ అలా కుదరదు.

పని ఎక్కువగా ఉండటం వేరు, చోటు చెడ్డదవడం వేరు. పబ్లిక్ పరీక్షల ముందు, ఎంసెట్ ముందు రాత్రి పది దాకా స్టడీ అవర్స్‌లో కూర్చున్నాం, ఎవరం గొణగలేదు, పిల్లల కోసం కాబట్టి. కానీ రివ్యూ మీటింగ్‌లో సెక్షన్ల వారీ మార్కులు తెర మీద వేసి, పిల్లలకు పాఠం చెప్పే మనిషిని అందరి ముందూ నిలబెట్టి, చేతకాకపోతే ఇంటికెళ్లు అనడం పని ఎక్కువవడం కాదు. ఒక నెల జీతం ఎప్పుడూ హోల్డ్‌లో ఉంచడం, ఒక రోజు సెలవు పెడితే రెండు రోజుల జీతం కోయడం, వేసవిలో సగం జీతమిచ్చి ఇన్ని అడ్మిషన్లు తెమ్మని ఊళ్ల మీదికి తోలడం, బిడ్డకు జ్వరమని ఫోన్ వస్తే ఫ్లోర్ ఇన్‌చార్జి పర్మిషన్ కోసం గంట నిలబడటం, ఇవన్నీ అక్కడ మామూలు విషయాలైపోతాయి. రాజీనామా మాట ఎత్తినవాళ్లతో స్టాఫ్‌రూమ్‌లో ఎవరూ మాట్లాడకూడదని నోటిమాటగా చెప్పిన చోటు కూడా చూశాను. డీన్ పేరు ఫోన్లో కనిపిస్తే గుండె దడదడలాడుతోందంటే, ఇంటికొచ్చి పిల్లల మీద అరుస్తున్నారంటే, ఆ చోటు మీ ఒంట్లోకి వచ్చేసిందని గుర్తుపట్టండి.

దీన్ని లెక్చరర్ల కష్టంగానే చూడొద్దు. సెక్షన్‌లో నలుగురికి మార్కులు తగ్గితే తన జీతంలో కోత పడుతుందని భయపడే మనిషి ఆ నలుగురితో ఎలా మాట్లాడతాడో తల్లిదండ్రులు ఒక్కసారి ఆలోచించాలి. లక్షల ఫీజు కట్టి పిల్లల్ని పంపేది ఆ మనిషి దగ్గరికే.

మానేస్తానంటే ఇంట్లో చెప్పే మొదటి మాట, ఎక్కడైనా ఇంతే, సర్దుకుపో అని. ఎక్కడైనా ఇంతే కాదు. ఇప్పుడు నేను చేస్తున్న చిన్న కాలేజీలో జీతం తక్కువే, కానీ ఒకటో తారీఖున పడుతుంది, నా కాగితాలు నా ఇంట్లోనే ఉన్నాయి, పాఠం గురించి తప్ప దేని గురించీ నన్ను ఎవరూ నిలదీయరు. ఇక ఇన్నేళ్లు చేశాం కదా, కష్టకాలంలో మేనేజ్‌మెంట్ చూసుకుంటుందిలే అనుకునేవాళ్లు 2020ని గుర్తు చేసుకోవాలి. లాక్‌డౌన్‌లో ఎన్నో ప్రైవేటు స్కూళ్లు, కాలేజీలు జీతాలు ఆపేశాయి. నెల్లూరులో ఒక తెలుగు మాస్టారు తోపుడు బండి మీద అరటిపళ్లు అమ్ముకున్న వార్త చాలామంది చదివే ఉంటారు. లాక్‌డౌన్‌లో కొత్త అడ్మిషన్లు తేలేకపోయినందుకు ఉద్యోగం పోయిందని ఆయన చెప్పుకున్నారు, ఆదుకున్నది పాత విద్యార్థులు. 2021లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వాల్సి వచ్చింది.

చట్టం ఏం చేస్తోందంటే, బోధించేవాళ్లను మొదటినుంచీ గడప బయటే నిలబెట్టింది. అప్పట్లో అమల్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం టీచరు కార్మికుడి కిందకు రాడని సుప్రీంకోర్టు 1988లో చెప్పింది, కాబట్టి మాకు లేబర్ కోర్టు తలుపు మూసుకుపోయింది. గ్రాట్యుటీ, అంటే చేసిన సర్వీసుకి మానేసేటప్పుడు యాజమాన్యం ఇచ్చే మొత్తం, అది కూడా టీచర్లకు వర్తించదని 2004లో తీర్పు వస్తే పార్లమెంటు 2009లో చట్టం సవరించాల్సి వచ్చింది, దాన్నీ ప్రైవేటు స్కూళ్లు సవాలు చేస్తే 2022 ఆగస్టులో గానీ సుప్రీంకోర్టు తేల్చలేదు. ఐదేళ్ల సర్వీసు నిండితే మానేసినా గ్రాట్యుటీ వస్తుందని నాతో పనిచేసినవాళ్లలో సగం మందికి తెలియదు, తెలిసినవాళ్లు అడగలేదు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర చట్టం, వేతనాల కోడ్, రాజీనామా చేసినవాళ్లకు రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలంటోంది. ఇది బోధన సిబ్బందికీ వర్తిస్తుందని ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వాలు రెండూ స్పష్టంగా ప్రకటించాలి. మళ్లీ ఎవరో కోర్టుకెళ్లి ఏళ్లు తిరిగేదాకా ఆగొద్దు.

బయటికి రావాలనుకునేవాళ్లకు నాకు తెలిసింది చెబుతాను. కోపంలో ఒక మాటనేసి వచ్చేయకండి, ముందు కాగితాలు పోగు చేసుకోండి. అపాయింట్‌మెంట్ లెటర్, జీతం పడ్డ బ్యాంకు స్టేట్‌మెంట్, హాజరు వివరాలు, సర్టిఫికెట్లు తీసుకున్నట్టు ఏదైనా రసీదు ఉంటే అది. రసీదు లేకపోతే, నా ఒరిజినల్స్ మీ దగ్గర ఉన్నాయి, ఫలానా పని కోసం కావాలి అని ఒక మెయిల్ పెట్టండి, జవాబు వస్తే అదే రుజువు. రాజీనామా కూడా నోటితో కాదు, మెయిల్‌లోనూ రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపండి, నోటీసు గడువు ఎంతుంటే అంత చేయండి. పిల్లల భవిష్యత్తు ఏమవుతుంది అని మెత్తగా ఒత్తిడి పెడతారు, నిజంగానే సంవత్సరం మధ్యలో వదిలేస్తే పిల్లలు నష్టపోతారు కాబట్టి వీలైతే పరీక్షలయ్యాక మానేయండి. ఒంటికి, మనసుకి బాగోలేకపోతే మాత్రం పరీక్షల దాకా ఆగమని నేను చెప్పను. పీఎఫ్ కట్ చేసే చోటైతే, కాలేజీ మీ పీఎఫ్ ఖాతాలో ఎగ్జిట్ డేట్ (మానేసిన తేదీ) వేయకపోయినా, మానేసిన రెండు నెలల తర్వాత మీరే ఆన్‌లైన్‌లో వేసుకోవచ్చు. సర్టిఫికెట్లు ఇవ్వకపోతే సోమవారం కలెక్టరేట్‌లో, తెలంగాణలో అయితే ప్రజావాణిలో, ఆంధ్రలో అయితే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. పోలీస్ స్టేషన్‌కి వెళితే సివిల్ మేటర్ అని పంపేస్తారు, అయినా రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి, తర్వాత లాయరు నోటీసుకి పనికొస్తుంది.

ఇన్నేళ్లు మానేయం, మానేస్తే డబ్బు కడతాం అని బాండు రాశాం కదా అని భయపడేవాళ్లున్నారు. బాండు అంటే అన్నీ చెల్లవని కాదు, ఒక బ్యాంకు ఉద్యోగి కేసులో మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతును సుప్రీంకోర్టు 2025 మేలో సమర్థించింది. కానీ డబ్బు రావాల్సి ఉంటే దానికి కోర్టులున్నాయి, అక్కడ అడగాలి. మనిషి చదువుని బీరువాలో పెట్టి తాళం వేసే హక్కు దానివల్ల రాదు. వెరిఫికేషన్ అనే సాకు కూడా ఇప్పుడు నిలవదు. డిజీలాకర్‌లో జారీ అయిన సర్టిఫికెట్ ఒరిజినల్‌తో సమానమని 2017 నుంచే నిబంధన ఉంది. చూసుకోవడానికి పది నిమిషాలు చాలు, ఏడాదంతా దగ్గర పెట్టుకోవడం ఎందుకు?

అందుకే రెండు రాష్ట్రాల ఇంటర్ బోర్డులనూ, విద్యాశాఖలనూ అడిగేది ఇది. అఫిలియేషన్ (బోర్డు గుర్తింపు) రెన్యువల్‌కి వచ్చే ప్రతి కాలేజీ నుంచి, మా దగ్గర ఏ ఉద్యోగి ఒరిజినల్ సర్టిఫికెట్లూ లేవు అని రాతపూర్వక హామీ తీసుకోవాలి. అబద్ధమని తేలితే జరిమానా వేయాలి, మళ్లీ చేస్తే గుర్తింపు ఆపాలి. బిల్డింగుకి, ఫైర్ ఎన్‌ఓసీకి కాగితాలు అడుగుతున్నప్పుడు ఇది అడగడం కష్టమేమీ కాదు. ఇప్పటికే లోపల ఉన్న సర్టిఫికెట్లు ఒక గడువులోగా తిరిగిచ్చేలా జిల్లా ఇంటర్ అధికారులకు ఆదేశాలివ్వాలి.

దయచేసి నా పేరు వేయకండి. నాతో పనిచేసినవాళ్లలో కొందరి సర్టిఫికెట్లు ఇంకా వాళ్ల చేతికి రాలేదు.

– ఒక కెమిస్ట్రీ లెక్చరర్, విజయవాడ