పిల్లల సున్నిపిండి ఆపేస్తున్నాం, ఎందుకంటే

ఈ నెలాఖరుతో మా షాపులో పిల్లల సున్నిపిండి అమ్మకం ఆపేస్తున్నాం. గానుగ నూనెల తర్వాత మా దగ్గర ఎక్కువగా పోయే సరుకు అదే కాబట్టి, నష్టం ఎంతో లెక్క వేసుకునే ఈ మాట చెబుతున్నాను. కొబ్బరి నూనె సీసా మీద 'ఎగ్జిమాకు మంచిది' అని రాయమని కూడా చాలామంది అడుగుతున్నారు (ఎగ్జిమా అంటే చర్మం పొడిబారి, దురదతో ఎర్రబడే జబ్బు). అదీ రాయం. ఎందుకో చెప్పాల్సిన బాధ్యత నాది.

హైదరాబాద్‌లో చలి మొదలైతే చాలు, మా వాట్సాప్‌కి ఫొటోలు వస్తాయి. ఏడాదిన్నర పాప బుగ్గలు, రెండేళ్ల బాబు మోచేతి మడతలు, మోకాళ్ల వెనక ఎర్రగా గీరుకుపోయిన చర్మం. కింద ఒకటే మాట: "అక్కా, డాక్టర్ ఎగ్జిమా అన్నడు. స్టిరాయిడ్ అంటే భయమైతుంది. సహజమైంది ఏదన్న ఇయ్యుండ్రి." సున్నిపిండి, నువ్వుల నూనె, వేపాకు పొడి అన్నీ కలిపి ఒక ప్యాకెట్ కట్టి ఇస్తే వాళ్లకీ సంతోషమే, నాకూ బేరమే. కానీ ఇవ్వలేను.

ఎగ్జిమా ఉన్న చర్మం ఎండాకాలం రేగడి చేనులా బీటలు వారి ఉంటుంది. లోపలి తేమ బయటికి పోతుంది, బయటివి లోపలికి దిగుతాయి. అసలు చిక్కు ఈ లోపలికి దిగేవాటితోనే. మనం తిన్నది కడుపులోకి వెళితే ఒళ్లు దాన్ని తిండిగా అలవాటు చేసుకుంటుంది. అదే వస్తువు పగిలిన చర్మం గుండా వెళితే ఒళ్లు దాన్ని శత్రువు కింద జమకట్టే ప్రమాదం ఉంది. జపాన్‌లో గోధుమ ప్రొటీన్ కలిపిన ఒక ముఖం సబ్బు వాడి రెండు వేల మందికి పైగా గోధుమ ఎలర్జీ తెచ్చుకున్నారు. అంతకుముందు బ్రెడ్డు, నూడుల్స్ హాయిగా తిన్నవాళ్లే. 2003లో బ్రిటన్‌లో పల్లీ ఎలర్జీ ఉన్న పిల్లల సంగతి ఆరా తీస్తే, పసితనంలో దద్దుర్ల మీద పల్లీ నూనె ఉన్న క్రీములు రాయించుకున్నవాళ్లు వాళ్లలో ఎక్కువగా తేలారు.

ఇప్పుడు మా సున్నిపిండిలో ఏమున్నాయో చూడండి. పెసలు, శనగపప్పు, బాదం, కస్తూరి పసుపు, వట్టివేరు. మొదటి మూడూ ప్రొటీన్ ఉన్న తిండి సరుకులే. పైగా ఎంత మెత్తగా పట్టించినా పిండి పిండే, రుద్దితే గీరుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న చర్మానికి ఫరవాలేదు. పెద్దవాళ్ల సున్నిపిండి అందుకే కొనసాగిస్తున్నాం. ఎగ్జిమా ఉన్న పిల్లలకు మాత్రం వద్దు. గానుగ పల్లీ నూనె, నువ్వుల నూనె మర్దనాకూ ఇదే మాట. రిఫైన్డ్ నూనెలో ప్రొటీన్ దాదాపు పోతుంది, గానుగ నూనెలో కొంత మిగులుతుంది. వంటకు మా నూనెకున్న గొప్ప అదే. పగిలిన చర్మం మీద అదే ఇబ్బంది. ఆవనూనె పసిచర్మాన్ని మండిస్తుంది. ఆలివ్ నూనె ఖరీదైంది కదా అని తెస్తారు గానీ, 2013లో పెద్దవాళ్ల మీద చేసిన పరీక్షలో అది చర్మం పైపొరను బలహీనపరిచింది.

మరి కొబ్బరి కూడా తిండే కదా అంటారు. నిజమే. కానీ కొబ్బరి ఎలర్జీ అరుదు. తేలికపాటి నుంచి మోస్తరు ఎగ్జిమా ఉన్న 117 మంది పిల్లల మీద ఎనిమిది వారాలు పరీక్షిస్తే, మినరల్ ఆయిల్ కంటే వర్జిన్ కొబ్బరి నూనె మెరుగ్గా పనిచేసిందని 2014లో ప్రచురించారు. కాబట్టి కొబ్బరి నూనె అమ్ముతాను, వాడొచ్చనీ చెబుతాను. ముందు ముంజేతి మీద కొంచెం రాసి ఒకటి రెండు రోజులు చూడండి. రసి కారుతున్న చోట రాయకండి. అది తేమ నిలిపే నూనె, మందు కాదు. మన చట్టం ప్రకారం కూడా ఒంటికి శుభ్రానికీ అందానికీ రాసేది కాస్మెటిక్. జబ్బు తగ్గిస్తుందని రాస్తే అది మందు కిందకి వస్తుంది. సీసా మీద ఆ మాట రాయకపోవడానికి ఇదొక కారణం.

మా షాపులో దొరకనిది ఒకటి చెబుతాను. మెడికల్ షాపులో వాసన లేని తెల్ల పెట్రోలియం జెల్లీ దొరుకుతుంది, మా నూనె కంటే చవక. గోరువెచ్చని నీళ్లతో అయిదు పది నిమిషాల్లో స్నానం ముగించి, ఒళ్లు అద్ది, తడి ఆరకముందే అది గానీ డాక్టర్ చెప్పిన మాయిశ్చరైజర్ గానీ దట్టంగా పట్టించండి. పిసినారితనం పనికిరాదు. పిల్లలకు వారానికి 250 గ్రాముల దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కూడా పడుతుంది. చిన్న ట్యూబు నెలంతా వచ్చిందంటే చాలినంత రాయలేదన్నమాట.

నీళ్ల గురించి అడిగేవాళ్లూ ఎక్కువే. బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు గరుకే, సబ్బు నురగ రాదు. అందుకని వేలు పోసి నీళ్ల గరుకు తీసే సాఫ్ట్‌నర్ పెట్టించుకోవాలా అంటే, 2011లో ఇంగ్లండ్‌లో 336 మంది పిల్లల మీద చూసిన పరీక్షలో దానివల్ల ఎగ్జిమాకు అదనపు లాభం కనిపించలేదు. ఆ డబ్బు మాయిశ్చరైజర్‌కు పెట్టండి.

ఇక తిండి. ఇళ్లల్లో గొడవంతా ఇక్కడే. వంకాయ మానిపించారు, గుడ్డు మానిపించారు, తర్వాత పాలు, పల్లీలు, గోధుమ. చివరికి రెండేళ్ల పిల్ల చారన్నం మీద బతుకుతోంది. చంటిపిల్లయితే తల్లికీ పథ్యమే. మోస్తరు నుంచి తీవ్రమైన ఎగ్జిమా ఉన్న పిల్లల్లో సుమారు మూడో వంతు మందికి తిండి ఎలర్జీ ఉంటుంది. మిగతావాళ్లకు మానిపించడం వల్ల ఒరిగేది లేదు. ఎదుగుదల దెబ్బతింటుంది. పైగా మానేసిన వస్తువు మళ్లీ పెట్టినప్పుడు అసలైన ఎలర్జీ బయటపడిన పిల్లలున్నారు. మానిపిస్తేనే ఎలర్జీ పెరగొచ్చని 2015లో లండన్‌లో కూడా తేలింది. తీవ్రమైన ఎగ్జిమా లేదా గుడ్డు ఎలర్జీ ఉన్న 640 మంది పసిపిల్లలకు ముందు పరీక్ష చేసి, సగం మందికి చిన్నప్పట్నుంచే పల్లీ తినిపించారు. మిగతా సగానికి అయిదేళ్ల దాకా మానిపించారు. పల్లీ ఎలర్జీ మానిపించినవాళ్లలోనే ఎన్నో రెట్లు ఎక్కువగా వచ్చింది. అలాగని మీరే ఇంట్లో మొదలుపెట్టకండి, ఎగ్జిమా బాగా ఉంటే ముందు డాక్టర్‌ని అడగండి. అయిదేళ్లలోపు పిల్లలకు గింజలు గింజలుగా ఇవ్వకండి, గొంతులో అడ్డం పడతాయి.

తిన్న రెండు గంటల్లోపు దద్దుర్లు, పెదాల వాపు, వాంతులు వస్తే అది ఎలర్జీ కావచ్చు, వెంటనే చూపించాలి. ఊపిరి ఆడకపోతే నేరుగా ఎమర్జెన్సీకే. టమాటా, నారింజ తిన్నాక నోటి చుట్టూ మాత్రమే ఎర్రబడితే అది చాలావరకు పులుపు మంట. తినే ముందు పెదాల చుట్టూ కొంచెం జెల్లీ రాస్తే సరి. అనుమానం ఉన్న వస్తువును డాక్టర్ చెప్పినన్ని వారాలు ఆపి, మళ్లీ పెట్టి చూడాలి. ఆ రెండో సగం ఎవరూ చేయరు. మా రాగి పిండిలో కాల్షియం దండిగా ఉంటుంది, పాలు ఆపాల్సి వచ్చిన పిల్లలకు కొంత ఆసరా. అంతకుమించి దానితో దురద తగ్గదు.

ఓ పెద్దమ్మ నిన్న కౌంటర్ దగ్గర నిలదీసింది: "మా కాలంల గివన్నీ యాడున్నయ్ బిడ్డా? నలుగు పెట్టే పెంచినం." పెట్టారు. ఒళ్లు బాగున్న పిల్లలకు ఈ రోజుకీ పెట్టుకోవచ్చు, పెద్దమ్మా. పగిలిన ఒంటికే వద్దంటున్నాను.

'ఆయుర్వేదిక్' అని రాసి రెండు రోజుల్లో మచ్చ మాయం చేసే పేరులేని క్రీములు మాత్రం అసలు కొనకండి. 1999లో లండన్‌లో పదకొండు చైనీస్ మూలికా క్రీములు పరీక్షిస్తే ఎనిమిదింట్లో స్టిరాయిడ్ బయటపడింది. స్టిరాయిడ్ అంటే భయపడి అదే స్టిరాయిడ్‌ను మోతాదు తెలియకుండా పూసుకోవడం అవుతుంది. డాక్టర్ చూసి, ఏది, ఎన్ని రోజులో రాసిచ్చిన ట్యూబే నయం. జ్వరంతో పాటు గుంపుగా నీటి పొక్కులు లేచినా, పసుపు పచ్చటి పెచ్చులు కట్టినా, నూనెల జోలికి పోకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

విప్పని పిల్లల సున్నిపిండి ప్యాకెట్లు ఉంటే తెచ్చివ్వండి, డబ్బు వాపసు ఇస్తాం. బదులుగా ఏదైనా తీసుకోవాలన్న షరతు లేదు. కొబ్బరి నూనె వంద మిల్లీల చిన్న సీసాల్లో కూడా పెడుతున్నాం, పరీక్షించి చూసుకోవడానికి. ఇకపై మర్దనా నూనె ఆర్డర్ పెడితే పిల్లలకా, పెద్దలకా, ఒంటి మీద దద్దుర్లేమైనా ఉన్నాయా అని మా కుర్రాడు అడుగుతాడు. కొంచెం ఓపిగ్గా చెప్పండి.