నాటిన జుట్టులో ఎంత మొలిచిందో లెక్క రాయించండి, మంత్రిగారూ

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి శ్రీ దామోదర రాజనర్సింహ గారికి,

నమస్కారం.

నేను హైదరాబాద్‌లో హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేసే క్లినిక్కుల్లో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. డాక్టర్ తీసిన గ్రాఫ్టుల్ని, అంటే వేర్లతో సహా తీసిన చిన్న వెంట్రుకల గుంపుల్ని, మైక్రోస్కోప్ కింద చూసి, శుభ్రం చేసి, వేరుచేసి పేర్చడం నా పని. అమీర్‌పేట నుంచి మాదాపూర్ దాకా మన ఊళ్లో ఎటు వెళ్లినా ఈ ఆపరేషన్ల బోర్డులు కనిపిస్తాయి. ముందు ఇలా, తర్వాత ఇలా అని రెండు ఫొటోలు ఉంటాయి. ఇన్ని వేల గ్రాఫ్టులు వేశామని కూడా రాస్తారు. వాటిలో ఎన్ని మొలిచాయన్నది మాత్రం ఎక్కడా ఉండదు. ఆ ఒక్క అంకె కోసమే ఈ ఉత్తరం.

తల వెనక భాగంలో, మేం డోనర్ ఏరియా అనే చోట, వెంట్రుకలు చిన్న చిన్న గుంపులుగా ఉంటాయి. గుంపుకి ఒకటి, రెండు, మూడు, అరుదుగా నాలుగు. గుంపుల్ని ఒక్కొక్కటిగా తీసే ఎఫ్‌యూఈ పద్ధతిలో సుమారు ఒక మిల్లీమీటరు వెడల్పుండే పంచ్‌తో, అంటే గుండ్రటి సన్న గొట్టంలాంటి బ్లేడుతో, గుంపు చుట్టూ కోసి బయటికి లాగుతారు. అదే గ్రాఫ్టు. చల్లటి సెలైన్‌లో వాటిని పదేసి చొప్పున వరుసలు పెడతాం. ఒంటి వెంట్రుకవి ఒక డిష్‌లో, రెండువి ఒకదాంట్లో, మూడువి ఇంకోదాంట్లో. ఒంటివి ముందు హెయిర్‌లైన్‌కి (నుదుటి పైన జుట్టు మొదలయ్యే గీతకి), మిగతావి దాని వెనక్కి వెళ్తాయి. మంచి గ్రాఫ్టు అయితే వేరు చివర ఉబ్బి, చుట్టూ పల్చటి కొవ్వు పొర తడిగా మెరుస్తుంటుంది. పంచ్ కోణం తప్పితే వేరు మధ్యలో తెగిపోతుంది, అడుగు ముక్క తలలోనే ఉండిపోతుంది. ఇదంతా ఆ పూటే మా కళ్ల ముందు కనిపిస్తుంది. ఎన్ని తీశారు, ఎన్ని తెగాయి, ఎంతసేపు బయట ఉన్నాయి అన్నీ తెలుస్తాయి. కానీ సాయంత్రానికి ఆ లెక్క రాసుకున్న చిట్టీ చెత్తబుట్టలోకి పోతుంది, పేషెంటుకి ఇచ్చే బిల్లులో మొత్తం గ్రాఫ్టుల అంకె ఒక్కటే మిగులుతుంది.

ఆ అంకె ఒక్కటే ఉండటం మంచిది కాదండీ. చాలాచోట్ల డబ్బు గ్రాఫ్టుకి ఇంత అని లెక్కగడతారు. మూడు వెంట్రుకల గ్రాఫ్టుని మూడు ముక్కలు చేస్తే బిల్లు మూడింతలవుతుంది, తలకి చేరేది మాత్రం అవే మూడు వెంట్రుకలు. పైగా విడదీసేటప్పుడు వేర్లు దెబ్బతినొచ్చు. డోనర్ ఏరియాలో ఉన్నదే కొన్ని వేల గ్రాఫ్టులు. తీసిన చోట మళ్లీ రావు. అందుకే పాడైన ప్రతి గ్రాఫ్టూ జీవితాంతం నష్టమే.

బయట ఉన్న సమయం ఎంత ముఖ్యమో అమెరికాలో డాక్టర్ బాబీ లిమ్మర్ లెక్కగట్టి చూపించారు. చల్లటి సెలైన్‌లో ఉంచిన గ్రాఫ్టులు రెండు గంటల్లోపు నాటితే 95 శాతం, ఆరు గంటలకి 86 శాతం, 24 గంటలకి 79 శాతం బతికాయి. మన దగ్గర మొదటి గ్రాఫ్టు ఎన్నింటికి బయటికి వచ్చిందో, చివరిది ఎన్నింటికి లోపలికి వెళ్లిందో రాసి పేషెంటుకి ఇచ్చిన క్లినిక్కుని నేనింతవరకు చూడలేదు.

ఇక ఆపరేషన్ తర్వాత సంగతి. నాటిన వెంట్రుకలు మొదటి నెలా రెండు నెలల్లో చాలావరకు రాలిపోతాయి. వేరు లోపలే ఉంటుంది. మూడు నాలుగు నెలలకి కొత్త వెంట్రుక రావడం మొదలవుతుంది. ఏడాదికి గానీ ఫలితం తేలదు, నడినెత్తి దగ్గర ఏడాదిన్నర కూడా పట్టొచ్చు. ఇంతకాలం ఆగాక అనుమానం వస్తే పేషెంటు చేతిలో ఏముంటుంది?

నేను ఇదివరకు పనిచేసిన ఒకచోటికి పెళ్లి కుదిరిన ఒకబ్బాయి ఏడాది దాటాక వచ్చాడు. ముందువైపు పల్చగానే ఉందన్నాడు. అతని ఫోన్‌లో బాత్రూమ్ లైటు కింద తీసుకున్న ఫొటోలున్నాయి. క్లినిక్ దగ్గర ఆపరేషన్‌కి ముందు తల తడిపి, వెనక్కి దువ్వి, ఎదురుగా ఫ్లాష్ కొట్టి తీసినవి ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చూసినా ఏదీ తేలలేదు. ‘‘బాగానే వచ్చింది, మీకే తృప్తి లేదు’’ అని పంపించేశారు. ఈఎంఐలు ఇంకా కడుతూనే ఉన్నాడు. ఎవరి మాట నిజమో చెప్పే ఆధారం ఇద్దరి దగ్గరా లేదు.

ఫొటోని నమ్మలేం. జుట్టు కాస్త పొడుగు పెరిగినా, లైటు పైనుంచి కాకుండా పక్కనుంచి పడినా, అదే తల నిండుగా కనిపిస్తుంది. పైగా చాలామంది ఆపరేషన్‌తో పాటు జుట్టు రాలకుండా మినాక్సిడిల్, ఫినాస్టరైడ్ లాంటి మందులు వాడతారు. పాత వెంట్రుకలు లావెక్కితే ఆ పేరు గ్రాఫ్టులకి వస్తుంది. పాతవి రాలిపోతే నాటినవన్నీ బాగా పట్టినా నింద డాక్టర్ మీద పడుతుంది. లెక్క ఉంటే డాక్టర్‌కీ రక్షణే.

లెక్కపెట్టే పద్ధతి కష్టమైనదేం కాదు. నాటబోయే చోట ఒక చదరపు సెంటీమీటరు గడి తీసుకుని, మూలల్లో పచ్చబొట్టు సిరాతో సన్నటి చుక్కలు పెడతారు. గడిలో ముందే ఉన్న వెంట్రుకలెన్ని, కొత్తగా ఎన్ని గ్రాఫ్టుల్లో ఎన్ని వెంట్రుకలు నాటారు అన్నది రాసుకుంటారు. ఏడాది తర్వాత అదే గడిలో జుట్టు పొట్టిగా కత్తిరించి, ట్రైకోస్కోప్‌తో (తలమీది వెంట్రుకల్ని పెద్దవిగా చూపే పరికరంతో) ఫొటో తీసి లెక్కిస్తారు. 30 గ్రాఫ్టుల్లో 60 వెంట్రుకలు నాటారనుకుందాం. పాతవి తీసేయగా 54 ఉంటే 90 శాతం వచ్చినట్టు. గ్రాఫ్టుల్ని కాకుండా వెంట్రుకల్నే లెక్కించాలి. మూడు వెంట్రుకల గ్రాఫ్టులో ఒక్కటే మొలిచినా గ్రాఫ్టు బతికిందనే అంటారు మరి. తల అంతా ఒకేలా పట్టదు కాబట్టి ముందొకటి, వెనకొకటి గడి పెట్టడం మంచిది. ఏ తలలోనైనా కొన్ని వెంట్రుకలు ఎప్పుడూ పెరగకుండా విశ్రాంతి దశలో ఉంటాయి, అవి లెక్కలోకి రాకపోవచ్చు. నూటికి నూరు రాలేదని డాక్టర్‌ని నిలదీయడం న్యాయం కాదని కూడా పేషెంట్లకి చెప్పాలి.

జాతీయ వైద్య కమిషన్ 2022లో ఈ ఆపరేషన్లు ఎవరు చేయాలో మార్గదర్శకాలిచ్చింది. వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకుంటే చాలదని చెప్పింది. అది అవసరమే. కానీ అర్హత ఉన్న డాక్టర్ చేసినా ఫలితం కొలవాలి కదా. ఆస్పత్రిలో చేరిన పేషెంటు రికార్డులు మూడేళ్లు ఉంచాలని, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లో ఉంది. పొద్దున వచ్చి సాయంత్రం ఇంటికెళ్లే ఈ పేషెంట్లకీ ఆ హక్కు గట్టిగా అందాలి.

అందుకే నేను కోరేది, క్లినిక్కులకి రిజిస్ట్రేషన్ ఇచ్చేటప్పుడే ఒక పేజీ ఫారం తప్పనిసరి చేయండి. ఒంటి, రెండు, మూడు, నాలుగు వెంట్రుకల గ్రాఫ్టులు ఎన్నెన్ని, తెగినవెన్ని, పంచ్ పట్టుకున్నది ఎవరు, గ్రాఫ్టులు ఎంతసేపు బయట ఉన్నాయి, గడి లెక్క ఎంత అన్నవి దాంట్లో ఉండాలి. తెలుగులో, ఉర్దూలో ఉండాలి. ఆపరేషన్ రోజునే ఒక కాపీ పేషెంటు చేతికి రావాలి. ఏడాది తర్వాతి లెక్క కూడా అందులోనే ఎక్కాలి. గొడవ వస్తే మూడో మనిషిగా లెక్కపెట్టే బాధ్యత ఉస్మానియా, గాంధీ ఆస్పత్రుల చర్మవ్యాధుల విభాగాలకి అప్పగించండి. ఆ ఫారం తయారుచేయడానికి మీ శాఖ డాక్టర్లతో కూర్చున్నప్పుడు, బల్ల దగ్గర గ్రాఫ్టులు లెక్కపెట్టే మాలాంటి వాళ్లని కూడా పిలవండి.

ఇట్లు,
ఒక హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ టెక్నీషియన్,
హైదరాబాద్